ఇంతెజారూ ఇంతెజామూ

ఉర్దూలో ఇంతెజార్ అంటే ఎదురుచూపు, ఇంతెజాం అంటే బందోబస్తు. చివర ఒక్క హర్ఫ్ తేడా. మా ఉమ్మడి చిత్తూరు జిల్లా తవారీఖ్‌లో ఈ రెండు లఫ్జుల మధ్య ఎనభై ఏళ్ళుగా కుస్తీ నడుస్తోంది. ఎండాకాలం సెలవుల్లో బాల్‌బచ్చాల్ని తీసుకుని బెంగళూరు అవతలి బిడది వండర్లాకో, చెన్నై ఈసీఆర్ మీది వీజీపీకో పోయే దోస్తులు ప్రతి ఏడూ అడుగుతుంటారు, "లైన్లో గంటలు గంటలు నిలబడకుండా ఎట్లా భాయ్?" అని. ఈ సవాల్‌కు జవాబు వెతకడానికి అమెరికా దాకా పోనక్కర్లేదు. మన తిరుమల కొండ చాలు.

సవాల్ జవాబ్ అంటే ఇంకోటి యాదికొచ్చింది. 1801లో ఆర్కాట్ నవాబు చేతిలోంచి ఈ ఇలాకా కంపెనీ చేతికి పోయింది. ఆ దొరతనంలో గుడి ఆచారాలు, ఖర్చులు, ఎవరి హక్కు ఎంత అన్నది కాగితం మీద పెట్టించారు. ఆ దస్తావేజుల పేర్లు చూడండి: సవాల్-ఎ-జవాబ్ పట్టీ, పైమాయిషీ లెక్క. వైష్ణవ గుడి హిసాబ్ కితాబ్‌కు ఫార్సీ పేర్లు! కచేరీ జుబాన్ అట్లా అందరిదీ అయిపోయింది మరి. 1821లో ఆ కాయిదాలన్నీ బ్రూస్ కోడ్‌గా ఒకచోట చేరాయి. 1843లో కంపెనీ పెత్తనం వదులుకుని హాథీరాంజీ మఠం మహంతుకు అప్పజెప్పింది. 1933లో దేవస్థానం కమిటీ వచ్చింది. అన్నేళ్ళూ జనం రద్దీని అదుపులో పెట్టింది ఏ హాకీమూ కాదు, కొండే. అలిపిరి మెట్లెక్కి నడవాలి, లేదంటే డోలీ. ఎవరి దమ్ము ఎంతో అంత నింపాదిగా పైకి చేరేవారు.

1944లో ఘాట్ రోడ్డు తెరిచారు. 1974లో రెండోది. బస్సులకు దమ్ముతో పనిలేదు, ఒక్కో ట్రిప్పుకు యాభై మందిని తెచ్చి దర్వాజా ముందు కుమ్మరిస్తాయి. మెట్ల మీద పరుచుకుని ఉండాల్సిన జనం మాడవీధుల్లో బారులు తీరారు. ఎండకు ఎండి, వానకు తడిసి, పసిబిడ్డల్ని చంకనేసుకుని. 1978 నుంచి 1982 దాకా దేవస్థానం కార్యనిర్వహణాధికారిగా ఉన్న పీవీఆర్‌కే ప్రసాద్ గారి హయాంలో వైకుంఠం క్యూ కాంప్లెక్స్ ఖయాల్ రూపం దిద్దుకుంది. నిలబెట్టే బదులు కూర్చోబెట్టాలి. ఒకే పొడుగాటి కతార్ బదులు గదులు గదులుగా విడగొట్టి, ఒక గది ఖాళీ అయ్యాక ఇంకో గదిని వదలాలి. తర్వాత రెండో కాంప్లెక్సూ వచ్చింది. ఈరోజుకీ "31 కంపార్ట్‌మెంట్లు నిండాయి, దర్శనానికి ఇన్ని గంటలు" అని పేపర్లో వస్తే, రాయలసీమలో చదువు రాని ముసలమ్మకు కూడా దాని మత్లబ్ తెలుసు.

ఆ గదుల్లోకి పాలు, అన్నం వస్తాయి. ఇది ఖైరాత్ మాత్రమే కాదు, హిక్మత్ కూడా. చేతికో నోటికో పని ఉన్న వఖ్త్ తొందరగా గడుస్తుందనీ, ఎంతసేపో తెలియని ఇంతెజార్ తెలిసినదానికంటే భారమనీ డేవిడ్ మైస్టర్ అనే ఆయన 1985లో రాశాడు. 1955లో తెరిచిన డిస్నీలాండ్ కూడా ఇదే కిటుకు పట్టింది. లైను పొడుగు కనబడకుండా వంకరటింకరగా తిప్పుతారు, తిప్పినచోటల్లా ఏదో తమాషా పెడతారు.

హిసాబ్ మాత్రం సీదాగా ఉంటుంది. 1961లో జాన్ లిటిల్ దాన్ని సూత్రంగా నిరూపించాడు గానీ, సంతలో చిల్లర లెక్క వచ్చినవాడికీ అర్థమవుతుంది. గంటకు నాలుగు వేల మంది లోపలికి పోతుంటే, మీ ముందు నలభై వేల మంది ఉంటే, పది గంటలు. దీన్ని ఏ సిఫారసూ కరిగించలేదు. సిఫారసు చేసేదల్లా మీ పది గంటల్ని ఇంకొకరి నెత్తిన వేయడమే.

1999లో డిస్నీ ఫాస్ట్‌పాస్ తెచ్చింది. చీటీ తీసుకో, ఫలానా టైముకు రా, అప్పటిదాకా ఎక్కడైనా తిరుగు. అటూ ఇటూగా అదే కాలంలో తిరుమలలో సుదర్శనం కంకణం వచ్చింది. చేతికి కట్టించుకుని, ఇచ్చిన టైముకు క్యూకు రావడం. అక్కడ మౌజు కోసం, ఇక్కడ మొక్కు కోసం. ఇంతెజాం మాత్రం ఒకటే.

కానీ దోస్తులారా, తవారీఖ్‌ను వరసగా పేర్చి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఏ ఇంతెజామూ క్యూను ఖతం చేయలేదు, జాగా మార్చిందంతే. రోడ్డు దాన్ని మెట్ల మీంచి దర్వాజా దగ్గరికి తెచ్చింది. కాంప్లెక్స్ వీధుల్లోంచి గదుల్లోకి తీసుకుపోయింది. టోకెన్ కొండ కిందికి, తిరుపతి బజార్లలోకి దించింది. 2025 జనవరి 8 రాత్రి బైరాగిపట్టెడ దగ్గర వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం ఎదురుచూసినవాళ్ళ మీద తొక్కిసలాట విరుచుకుపడింది. ఆ రాత్రి నగరంలో ఆరు జానులు పోయాయి. దర్శనం క్యూలో కాదు, చీటీ క్యూలో! దశాబ్దాల తజుర్బా పైన గదుల్లో ఉంది. కింద గేటు దగ్గర లేదు.

మక్కాలోనూ ఇదే కహానీ. 2006 జనవరిలో మీనాలోని జమరాత్ వంతెన దగ్గర మూడు వందల పైచిలుకు హాజీలు తొక్కిసలాటలో పోయారు. పాత వంతెన పడగొట్టి అంతస్తులతో కొత్తది కట్టారు, ఏ జట్టు ఏ టైముకు రావాలో రాసిచ్చారు. 2015 సెప్టెంబర్ 24న మళ్ళీ ఖయామత్. ఈసారి వంతెన మీద కాదు, దానికి దారితీసే గల్లీల కూడలిలో. ఇంతెజాం ఎక్కడ ముగుస్తుందో అక్కడ ఖతరా మొదలవుతుంది.

ఇంకో మసలా పైసలది. డిస్నీ 2021లో ఉచిత ఫాస్ట్‌పాస్ ఎత్తేసి, డబ్బు కట్టేవాళ్ళకు వేరే లైన్ పెట్టింది. వండర్లాలో ఫాస్ట్‌ట్రాక్ టికెట్ ఉంది. కొండ మీద 300 రూపాయల దర్శనం ఉంది, శ్రీవాణి ట్రస్టుకు 10,000 చందా ఇస్తే బ్రేక్ దర్శనం ఉంది. రైడ్ వ్యాపారం కాబట్టి దానితో నాకు ఝగడా లేదు. దేవుడి దర్వాజా దగ్గర అమీర్ గరీబ్ ఫరక్ నా మనసుకు ఎక్కదు. హజ్ ప్యాకేజీల ధరలు చూసినప్పుడూ ఎక్కదు.

ఇక మీ పార్కు సంగతి. చిత్తూరు నుంచి రెండు నగరాలూ మూడు నాలుగు గంటల దూరమే కాబట్టి తెల్లారేలోపు బయలుదేరి, గేటు తెరిచేసరికి అక్కడుండండి. ఆదివారం, పండగ సెలవు వద్దు. లోపలికి పోగానే అందరూ మొదటి రైడ్ మీద పడతారు, మీరు అన్నిటికంటే దూరం ఉన్నదానికి పొండి. భోజనం పదకొండున్నరకు కానిచ్చేస్తే, జనం తినే వేళకు పెద్ద రైడ్లు కాస్త ఖాళీ అవుతాయి. నీళ్ళ ఆటలు మధ్యాహ్నం మానేసి సాయంత్రానికి పెట్టుకోండి. పిల్లల ఎత్తు ముందే ఇంట్లో గోడకు ఆనించి కొలిచి, ఏ రైడ్‌కు ఎంత ఎత్తు కావాలో చూసుకోండి. గంట నిలబడ్డాక "ఈ బాబు పొట్టి" అని వెనక్కి పంపితే ఆ ఏడుపు ఆపడం అబ్బాజాన్ వల్ల కూడా కాదు.