సమాధికి శాపమే కావలి

సమాధి శాపం అనగానే చాలామందికి టూటన్‌ఖామున్ గుర్తొస్తాడు. 1922 నవంబరులో హోవార్డ్ కార్టర్ ఆ సమాధిని కనుగొన్నాడు. తవ్వకాలకు డబ్బు పెట్టిన కార్నర్వన్ ప్రభువు 1923 ఏప్రిల్ 5న కైరోలో కన్నుమూశాడు. దోమకాటు పుండై, విషమించి ప్రాణం తీసింది. పత్రికలు దాన్ని ఫరో శాపమన్నాయి. ఆ సమాధిలో అలాంటి శాపమేదీ రాసి లేదు. కార్టర్ 1939 దాకా బతికాడు. అసలైన శాపాల చరిత్ర అంతకన్నా చాలా పాతది.

4,000 ఏళ్లకు పూర్వమే ఈజిప్టు అధికారులు సమాధి గోడల మీద హెచ్చరికలు చెక్కించారు. అస్వాన్ దగ్గర కొండలో తొలిచిన హర్ఖూఫ్ సమాధి అందుకు సాక్ష్యం. దక్షిణాది దేశాలకు యాత్రలు నడిపినవాడతడు. మైలతో లోపల అడుగుపెట్టినవాణ్ణి పిట్టను పట్టినట్టు పట్టుకుంటానని, మహాదైవం ముందు వాడికి విచారణ తప్పదని రాయించాడు. దారిన పోయేవారు తన పేరిట రొట్టె, బీరు నివేదన పలకాలన్న కోరికా అక్కడే ఉంది. నివేదన ఆగి, పేరు చెరిగిపోతే చనిపోయినవారికి పరలోకంలోనూ ఉనికి ఉండదని ఈజిప్షియన్ల నమ్మకం. ఆ భయమే ఈ శాపాలకు మూలం.

లెబనాన్ తీరంలోని బిబ్లోస్‌లో 1923లో పియరీ మోంటే కనుగొన్న అహీరామ్ రాజు శవపేటిక సుమారు 3,000 ఏళ్ల నాటిది. కొడుకు చేయించిన ఆ పేటికపై శాపం రాజులను, అధిపతులను, సేనానులను ఉద్దేశించింది. మూత తెరిచినవాడి రాజదండం ఊడిపోవాలని, సింహాసనం తలకిందులు కావాలని అందులో ఉంది. చదువురాని దొంగ కోసం రాసిన మాటలు కావివి. అడ్డుచెప్పేవారు లేని బలవంతుడి కోసం రాసినవి.

ఆ బెదిరింపు ప్రతిసారీ పనిచేయలేదు. 1887లో సిడోన్‌లో బయటపడిన తబ్నీత్ రాజు శవపేటికపై, తన దగ్గర వెండీ బంగారం లేవు, తెరవొద్దన్న వేడుకోలు ఉంది. తెరిచినవాడికి సంతానం కలగకూడదన్న శాపమూ ఉంది. ఆ పేటిక మాత్రం అంతకుముందు పెన్‌ప్తా అనే ఈజిప్టు సేనాపతిది. అతడి చిత్రలిపి రాతలు దాని మీద ఇంకా ఉన్నాయి.

తర్వాతి కాలంలో, నేటి టర్కీలోని లైసియాలో, సమాధి రాళ్ల మీద జరిమానాలు చేరాయి. సమాధిని పాడుచేసినవాడు నగర ఖజానాకు ఇంత సొమ్ము కట్టాలి. ఫిర్యాదు చేసినవాడికి అందులో మూడో వంతు దక్కుతుందని కొన్ని రాతలు చెబుతాయి. దేవుడి పక్కన చట్టం నిలబడింది.

మన తెలుగు శాసనాల చివర కనిపించే శాపవాక్యాలదీ ఇదే తర్కం. దానమిచ్చిన భూమిని హరించినవాడు 60,000 ఏళ్లు పురుగై పుడతాడని, గంగ ఒడ్డున గోవును చంపిన పాపం మూటగట్టుకుంటాడని అవి హెచ్చరిస్తాయి. ఇచ్చిన రాజు పోయాక రేపటి రాజును అదుపు చేసే చేయి మరొకటి లేదు.

వీటిని మూఢనమ్మకాలని తోసిపుచ్చడం తేలిక. నోరులేనివారి హక్కును కాపాడేందుకు మనిషి చేసిన తొలి ప్రయత్నాల్లో ఇవీ ఉన్నాయి. తవ్వకాల్లో ఎముకలు బయటపడినప్పుడు వాటికి పేరు, ఊరు, మర్యాద నిలబెట్టడం నేటివారి బాధ్యత. ఆ రాళ్లు అడిగిందీ అదే.