చీనాదేశమున పుత్రనామకరణము : అర్థము, నిషేధము

కుమారునకు అర్థవంతమైన పేరు పెట్టవలెనను కోరిక సర్వదేశసామాన్యము. చీనాదేశమున ఈ విషయమును గూర్చిన ప్రాచీన చర్చలలో ‘జువోజువాన్’ అను చరిత్రగ్రంథమునందలి షెన్ శ్యూ ఉపదేశము ముఖ్యమైనది. క్రీ. పూ. 706లో లూ రాజ్యప్రభువైన హువాన్‌నకు కుమారుడు కలిగెను. ఏ పేరు పెట్టవలెనని ప్రభువు అడుగగా, షెన్ శ్యూ ఐదు మార్గములను, ఆరు నిషేధములను చెప్పెను. చీనా నామముల స్వభావము నెరుగుటకు మార్గములకంటె నిషేధములే ఎక్కువగా తోడ్పడునని మేము తలంచుచున్నాము.

మార్గము లివి: పుట్టుకనాటి విశేషము, శుభసూచకమైన గుణము, రూపసాదృశ్యము, వస్తువు, తండ్రితోడి పోలిక. కన్ఫ్యూషియస్ పేరు ‘చ్యూ’. దిబ్బ యని దాని అర్థము. ఆయన శిరస్సు ఆకారమును బట్టి ఆ పేరు వచ్చినదని చరిత్రకారుడైన సీమా చియెన్ వ్రాసెను. కన్ఫ్యూషియస్ కుమారుని పేరు ‘లీ’. అది యొక చేప పేరు. హువాన్ కుమారుడు తండ్రి పుట్టిన దినముననే పుట్టుటచే వానికి ‘తొంగ్’, అనగా ‘సమానము’ అను పేరు పెట్టిరి.

ఇక నిషేధములు. స్వరాజ్యము, అధికారపదవులు, కొండలును నదులును, రోగములు, పశువులు, పూజాద్రవ్యములు — వీని పేర్లు బిడ్డకు పెట్టరాదు. కారణము షెన్ శ్యూయే చెప్పెను. మరణానంతరము ఆ పేరు నుచ్చరింపరాదు గనుక, పదవి పేరు పెట్టినచో పదవియే పోవును. పశువు పేరు పెట్టినచో బలియే ఆగిపోవును. ఇది ఊహామాత్రము కాదు. ప్రభువుల పేర్ల కారణముననే జిన్ రాజ్యమున ‘సీతూ’ పదవియు, సొంగ్ రాజ్యమున ‘సీకొంగ్’ పదవియు తొలగినవని, లూ రాజ్యమున రెండు కొండల పేర్లు విడువబడినవని ఆతడే ఉదాహరించెను.

హాన్ యుగమునాటికి ఈ నిషేధము జీవించియున్న చక్రవర్తి పేరునకును వర్తించినది. శ్వాన్ చక్రవర్తి పేరు ‘బింగ్‌యీ’; ‘రోగము తీరినది’ అని దాని అర్థము. బిడ్డకు అంతకంటె మంచి కోరిక ఏమి కలదు? కాని ఆ రెండక్షరములు నిత్యవ్యవహారములోనివి. అర్జీలలో వానిని వ్రాసి ప్రజలు నేరస్థులగుచుండిరి. వారిపై జాలిగొని చక్రవర్తి క్రీ. పూ. 64లో ‘శ్యున్’ అని పేరు మార్చుకొని, అంతకుముందు తప్పిన వారిని క్షమించెను.

మన తెనుగు కుటుంబములలో తాతపేరు మనుమనికి పెట్టుట ఆచారము. మామగారి పేరు పలుకరాదని కోడలు ఆ బిడ్డను ముద్దుపేరుతో పిలుచుటయు కలదు. నోటికి నిషేధము ఇచ్చటను ఉన్నది. కాని పేరు వంశమున నిలిచినది. చీనావారు పూర్వుల పేరును విడిచిపెట్టుటయే గౌరవముగా నెంచిరి. 1912లో చక్రవర్తుల పాలన ముగిసి రాజనామనిషేధము తొలగినను, పూర్వుల పేరు బిడ్డకు పెట్టరాదను నియమము చీనా కుటుంబములలో నేటికిని కానవచ్చుచున్నది.

కావున ప్రాచీన చీనాలో తండ్రి కుమారునకు ఒక మాట నిచ్చునపుడు, దానిని ఇతరులనుండి తీసికొనుచుండెను. ఎంత తక్కువ తీసికొనవలెనను వివేకమే షెన్ శ్యూ ఉపదేశసారము.