అబద్ధమాడితే బతికేవాడు

సికింద్రాబాద్ బోయిగూడవాళ్ళకు సెయింట్ మేరీస్ అంటే స్టేషన్ అవతలికి దాటి నడిచిపోయే గుడి. 1850లో దాన్ని పూర్తి చేయించిన డేనియల్ మర్ఫీ, ఐర్లాండ్‌లోని కార్క్ ప్రాంతపు గురువు. తెల్లవాడు కదా అని ఆయన్నీ మనవాళ్ళు దొరల లెక్కలోనే వేస్తారు. నిజానికి దొరల కింద మనకంటే ముందే నలిగిన జాతి అది. 17వ శతాబ్దం చివర నుంచి ఒక్కొక్క చట్టమే వచ్చి, ఐర్లాండ్ కతోలికులకు భూమి కొనే వీలు, బడి నడిపే వీలు, చివరికి ఓటు కూడా లేకుండా చేసింది. పొలాల్లో బండల మీద చాటుమాటుగా పూజ చేసుకునేవారు. పార్లమెంటులో కూర్చునే హక్కు 1829 దాకా రాలేదు. అప్పటికి మర్ఫీ ఇంకా కుర్రవాడే.

ఆ నలుగుబాటుకు గుర్తుగా, ఐర్లాండ్‌లో నేనుండే డ్రాహెడాలో, వెస్ట్ స్ట్రీట్ మీది సెయింట్ పీటర్స్ గుడిలో గాజు పెట్టెలో ఒక తల ఉంది. నల్లబడి, ఎండిపోయి. ఇక్కడ పనిచేసే మన నర్సమ్మలు పిల్లల్ని తీసుకొస్తే వాళ్ళు అమ్మ వెనక్కి నక్కుతారు. అది ఆర్మా అగ్రపీఠాధిపతి, పునీత ఆలివర్ ప్లంకెట్ తల.

1625లో పుట్టిన ఆలివర్ రోములో చదివి, అక్కడే పాఠాలు చెప్పాడు. 1649లో ఇంగ్లండ్ సేనాని క్రామ్వెల్ సేనలు ఈ డ్రాహెడాలోనే జనాన్ని ఊచకోత కోశాయి, స్వదేశానికి దారి మూసుకుపోయింది. 1670లో అగ్రపీఠాధిపతిగా తిరిగొచ్చి, మొదట్లో విగ్గు పెట్టుకుని, కత్తి కట్టుకుని, కెప్టెన్ బ్రౌన్ పేరుతో తిరిగాడు. వచ్చీరాగానే ఇక్కడ జెస్విట్ల చేత బడి పెట్టించాడు. 150 మంది పిల్లల్లో 40 మంది ప్రొటెస్టెంట్లు! నాలుగేళ్ళలో 48,000 మందికి భద్రమైన అభ్యంగనం ఇచ్చాడు. 1673లో మళ్ళీ ఆంక్షలు వచ్చాయి. బడి పోయింది. ఆ చలికాలం వాటర్‌ఫర్డ్ మేత్రాణి జాన్ బ్రెన్నన్‌తో కలిసి, కప్పు సరిగా లేని గుడిసెలో తలదాచుకున్నాడు.

1678లో లండన్‌లో టైటస్ ఓట్స్ అనేవాడు, కతోలికులు రాజును చంపబోతున్నారని కట్టుకథ లేపాడు. దేశమంతా ఊగిపోయింది. మరుసటి ఏడు డిసెంబరులో ఆలివర్ పట్టుబడ్డాడు. డండాక్‌లో విచారణ పెడితే ఆయన మీద సాక్షులు ముందుకు రాలేదు. స్థానికులకు ఆయన సంగతి తెలుసు, అక్కడ శిక్ష పడదు. అందుకే లండన్‌కు తరలించారు. తన సాక్షులను, కాగితాలను సముద్రం దాటించి తెచ్చుకునే లోపే గడువు అయిపోయింది.

అక్కడ ఆయన మీద ప్రమాణం చేసి చెప్పినవాళ్ళలో గురువులూ ఉన్నారు. క్రమశిక్షణ తప్పినందుకు ఆయన దండించినవాళ్ళే. వేదసాక్షుల కథల్లో సింహాలు, రోమా చక్రవర్తులు ఉంటే వినడం తేలిక. సొంత గురువు బోనెక్కి వేలు చూపించిన ఈ కథే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఫ్రెంచి సైన్యాన్ని దింపేందుకు డబ్బు పోగుచేశాడని అభియోగం. పూటకు ఠికానా లేని పీఠం ఆయనది. జ్యూరీకి తేల్చడానికి పావుగంట చాలింది. మరణశిక్ష విని దేవునికి కృతజ్ఞతలు చెప్పాడు.

ఇతరుల పేర్లు చెబితే ప్రాణం దక్కుతుందన్నారు. పూజ మానమనలేదు, సిలువను తొక్కమనలేదు, ఒక్క అబద్ధం చాలన్నారు. ఆయన విశ్వాసానికి పరీక్ష అక్కడే అని నాకనిపిస్తుంది. ఆయన నోరు విప్పలేదు. 1681 జులై 1న టైబర్న్‌లో ఉరికొయ్య దగ్గర, తనపై కల్లసాక్ష్యం చెప్పినవాళ్ళను క్షమించి వెళ్ళాడు. నరికి మంటల్లో పడేసిన ఆయన తలను మిత్రులు తీసి దాచారు. 1975లో పోపు ఆరవ పౌలు ఆయన్ని పునీతుడిగా ప్రకటించారు.

ఎసెక్స్ ప్రభువు ఒకప్పుడు ఐర్లాండ్‌ను ఏలినవాడు. ఆలివర్ నిర్దోషి అని రాజు రెండో చార్లెస్‌కు మొరపెట్టుకున్నాడు. ఆ మాట కోర్టులో ఎందుకు చెప్పలేదు, ఇప్పుడు క్షమించే ధైర్యం నాకు లేదు పొమ్మన్నాడు రాజు. కుట్ర భయాన్ని రాజేసి రాజకీయం నడిపిన షాఫ్ట్స్‌బరీ ప్రభువును అదే రాజు జైల్లో వేయించాడు. అదెప్పుడనుకున్నారు? జులై 2న.