ఎడమ సీటు ఎవరిది?

2024 జనవరిలో బేగంపేటలో వింగ్స్ ఇండియా విమాన ప్రదర్శన జరిగింది. సారంగ్ జట్టు హెలికాప్టర్ల విన్యాసాలు చూసొచ్చిన మా విద్యార్థిని ఒకమ్మాయి మర్నాడు ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద నన్ను ఆపి, "మేడమ్, అట్ల గిరికీలు కొట్టేటోళ్లల్ల ఆడోళ్లు ఉంటరా?" అని అడిగింది. "ఎందుకుండరు? సారంగ్ జట్టులోకి వెళ్లిన తొలి మహిళా పైలట్ దీపికా మిశ్రా" అన్నాను. అమ్మాయి సంతోషంగా వెళ్లిపోయింది. తార్నాకకి నడిచి వస్తుంటే నేనన్న ఆ 'తొలి' అనే మాటే నన్ను వెంటాడింది. స్త్రీల చరిత్ర చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆ మాట దగ్గరే ఎందుకు ఆగిపోతాం? ఆ తర్వాత ఏం జరిగిందో ఎందుకు అడగం?

అదే బేగంపేట ఇంకో 'తొలి' మహిళని చూసింది. ఆమె ప్రేమ్ మాథుర్. 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్స్ తీసుకుని ఉద్యోగం కోసం ఎనిమిది విమాన సంస్థల చుట్టూ తిరిగింది. ఆడమనిషి నడిపే విమానంలో ప్రయాణికులు ఎక్కరన్న సాకుతో అందరూ కాదన్నారు. చివరికి ఆమెని తీసుకున్నది హైదరాబాదులోని డెక్కన్ ఎయిర్‌వేస్. నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి 1945లో పెట్టిన సంస్థ అది. హైదరాబాదు రాజ్యం అప్పటికింకా ఇండియన్ యూనియన్‌లో కలవలేదు. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశంలో దొరకని ఉద్యోగం ఒక రాచరికపు నగరంలో దొరకడం విచిత్రమే. అలా ఆమె మన దేశపు తొలి మహిళా కమర్షియల్ పైలట్ అయింది.

క్విజ్ పుస్తకాల్లో కథ ఇక్కడితో అయిపోతుంది. కానీ ఆమె జీవితం అక్కడ మొదలైంది.

విమానం ముందు భాగంలో రెండు సీట్లుంటాయి. ఎడమవైపు కెప్టెన్ కూర్చుంటాడు, కుడివైపు కో పైలట్. ఇద్దరికీ విమానం నడపడం వచ్చు, ఇద్దరి ముందూ అవే మీటలు. కాని మబ్బు కమ్మితే ముందుకి పోవాలా, వెనక్కి తిరగాలా అన్న నిర్ణయం ఎడమ సీటుది. ప్రేమ్ మాథుర్‌ది కో పైలట్ ఉద్యోగం. కావలసినన్ని గంటలు విమానం నడిపాక, కెప్టెన్ బాధ్యత ఇమ్మని అడిగింది. డెక్కన్ ఎయిర్‌వేస్ ఒప్పుకోలేదు. ఆమె హైదరాబాదు వదిలి ఢిల్లీ వెళ్లి, పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా సొంత విమానానికి పైలట్‌గా చేరింది.

ఆమెకి చేతకాదనా? 1949లో జాతీయ ఎయిర్ రేస్ గెలిచింది ఆవిడే. పందెంలో గెలిచిన మనిషికి చేతకాదని ఎవరంటారు? ఆడదాని చేతుల్లో వేగాన్ని చూసి చప్పట్లు కొట్టగలరు. ఆ చేతుల్లో తమ ప్రాణాలు పెట్టడం మాత్రం కష్టం.

ఇది మన దేశపు వెనకబాటుతనం అనుకోడానికి వీల్లేదు. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికాలో బెట్టీ స్కెల్టన్ అనే అమ్మాయి 1948, 49, 50, వరసగా మూడేళ్లు మహిళల ఏరోబాటిక్ ఛాంపియన్. 'లిటిల్ స్టింకర్' అని పేరు పెట్టుకున్న బుల్లి విమానాన్ని తలకిందులు చేసి, నేలకి పది పన్నెండు అడుగుల ఎత్తున కట్టిన రిబ్బన్ని దాంతో తెంపేది. ఆ విమానాన్ని ఇవాళ స్మిత్సోనియన్ మ్యూజియంలో తలకిందులుగానే వేలాడదీశారు. అంతటి మనిషికి కూడా ప్రయాణికుల విమానం నడిపే ఉద్యోగం దొరికే రోజులు కావవి. 1973లో ఎమిలీ హోవెల్ వార్నర్‌ని ఫ్రాంటియర్ సంస్థ తీసుకున్నాక గానీ అక్కడి పెద్ద సంస్థల తలుపులు తెరుచుకోలేదు.

తలకిందులుగా ఎగిరే ఆడదాన్ని ఈ లోకం ప్రేమిస్తుంది. నలభైమందిని తిన్నగా గమ్యం చేర్చే ఆడదాన్ని శంకిస్తుంది. సాహసం చేసే స్త్రీ ఒక వింత కాబట్టి ఆమెని చూసి ఇంటికి వెళ్లిపోవచ్చు. అధికారంలో ఉన్న స్త్రీ మాట వినాలి కదా!

ఈ సంగతులు చదువుతుంటే నా సొంత అనుభవం గుర్తొచ్చింది. మా ఊళ్లో డాక్టరేట్ తీసుకున్న తొలి ఆడపిల్లనని నాకు శాలువాలు కప్పారు. తర్వాత నేను పనిచేసిన ఒక చోట రెండేళ్ల ప్రాజెక్టుకి రూపకల్పన, క్షేత్రపర్యటన, రాత, అన్నీ నావే. సమన్వయకర్త పేరు రాసేటప్పుడు మాత్రం, "అనుభవజ్ఞులుంటే బాగుంటుందమ్మా" అన్నారు. కుడి సీటు నాకు కొత్త కాదు. అప్పుడు నేనేమీ అనలేదు. ప్రేమ్ మాథుర్ అడిగింది, నేను అడగలేదు. ఆ తేడా ఇవాళ్టికీ నన్ను గుచ్చుతుంది.

1985 నవంబరులో కలకత్తా నుంచి సిల్చార్ వెళ్లిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఫోకర్ విమానంలో ఎడమ సీటులో సౌదామినీ దేశ్‌ముఖ్, పక్కన నివేదితా భాసిన్ ఉన్నారు. ప్రేమ్ మాథుర్‌కి లైసెన్స్ వచ్చిన 38 ఏళ్లకి రెండు సీట్లలోనూ ఆడవాళ్లే. 2016 జూన్‌లో మన దుండిగల్ అకాడమీ నుంచి అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధవిమాన పైలట్లుగా బయటికొచ్చారు. మళ్లీ 'తొలి' అన్నాం, మళ్లీ చప్పట్లు కొట్టాం.

చప్పట్లు వద్దనను. కానీ మొన్న ఆ అమ్మాయి మళ్లీ కనబడితే మెట్ల మీదే కూర్చోబెట్టి ప్రేమ్ మాథుర్ కథంతా చెప్పాను. అంతా విని, "మరి ఆమెకు ఎందుకియ్యలే మేడమ్?" అంది. నాకు చాలా తృప్తిగా అనిపించింది. మొదటిసారి ఆడవాళ్లు ఉంటారా అని అడిగిన పిల్ల, ఈసారి ఎందుకివ్వలేదని అడిగింది.