అడ్డపొగ, అంగిలి, క్యాన్సర్: ఒక ముప్పును గుర్తించిన క్రమం

క్యాన్సర్ ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు వైద్యులు ప్రయోగశాలల కంటే ముందు మనుషుల వృత్తుల్లోనూ అలవాట్లలోనూ జవాబు వెతికారు. లండన్ శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్, పొగగొట్టాలు శుభ్రం చేసేవారి వృషణాల తిత్తిపై వచ్చే క్యాన్సర్‌కు చర్మపు ముడతల్లో పేరుకునే మసే కారణమని 1775లో రాశాడు. పసితనంలో ఆ ఇరుకు గొట్టాల్లోకి దిగిన పిల్లలు పెద్దయ్యాక ఆ జబ్బున పడేవారు గనుక, కారణానికీ వ్యాధికీ నడుమ ఏళ్ల తరబడి ఎడం ఉండవచ్చన్న సంగతి కూడా ఆ పరిశీలనలోనే ఇమిడి ఉంది. అయితే ఇటువంటి పదార్థం నిజంగానే చర్మాన్ని క్యాన్సర్‌గా మార్చగలదని రుజువు కావడానికి మరో 140 ఏళ్లు పట్టింది. టోక్యోలో యమగివా, ఇచికావా అనే శాస్త్రవేత్తలు కుందేళ్ల చెవులకు నెలల తరబడి బొగ్గుతారు పూసి, 1915లో క్యాన్సర్ కణితులను పుట్టించగలిగారు.

భారతదేశంలో ఈ పరిశీలన అలవాట్ల వెంట సాగింది. కశ్మీరులో చలికాలమంతా కాంగ్డీ అనే నిప్పుల కుంపటిని దుస్తుల లోపల పొట్టకు ఆనించుకునేవారికి సరిగ్గా పొట్టపైనా తొడలపైనా చర్మ క్యాన్సర్ రావడాన్ని అక్కడి మిషన్ వైద్యులు 19వ శతాబ్దంలోనే గమనించారు. తిరువాన్కూరులోని నెయ్యూరు ఆసుపత్రిలో పనిచేసిన ఐ. ఎం. ఓర్, పొగాకు కలిపిన తాంబూలం నమిలేవారిలో నోటి క్యాన్సర్ గురించి 1933లో ప్రచురించాడు. ఈ రెంటిలోనూ కనిపించే సూత్రం ఒక్కటే: హాని చేసే వస్తువు శరీరంలో ఏ చోట ఎక్కువకాలం తగిలి ఉంటుందో, జబ్బు ఆ చోటే వస్తుంది. ఆ సూత్రానికి ఉత్తరాంధ్ర తీరం ఇచ్చినంత స్పష్టమైన సాక్ష్యం చాలా అరుదు.

విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాల్లో అడ్డపొగ అనీ అడ్డచుట్ట అనీ పిలిచే అలవాటులో, పొగాకు ఆకును చుట్టిన చుట్టను వెలిగించి, మండే కొసను నోటిలోపల ఉంచి పెదవులు మూస్తారు. బయట ఉన్న ఆరిన కొస గుండా గాలి నిప్పుకు అందుతుంది, పొగ నోటి నుంచి వెలువడుతుంది, బూడిదను ఉమ్మేస్తారు లేదా మింగేస్తారు. లాలాజలంతో తడిసిన చుట్ట నిదానంగా కాలుతుంది, సముద్రపు గాలికి ఆరిపోదు, పనిలో ఉన్న మనిషి మీద నిప్పురవ్వ పడదు. ఈ సౌకర్యాలను బట్టి చూస్తే, మత్స్యకార, వ్యవసాయ కుటుంబాల్లో, అందులోనూ ఆడవాళ్లలో, అమ్మ నుంచి కూతురికి ఈ అలవాటు ఎందుకు సంక్రమించిందో అర్థమవుతుంది. దీన్ని వట్టి అజ్ఞానమని కొట్టిపారేయడం సరికాదు, ఎందుకంటే అలవాటు వెనుక ఉన్న అవసరాన్ని గుర్తించనివారు దాన్ని మాన్పించనూ లేరు. అసలు నష్టం అంగిలికి, అంటే నోటి పైకప్పుకు జరుగుతుంది. నిప్పు వేడీ పొగాకు పొగా నేరుగా తగిలేది అక్కడే.

ప్రపంచంలో చాలాచోట్ల అంగిలి క్యాన్సర్ అరుదైన జబ్బు. విశాఖపట్నం ఆసుపత్రికి మాత్రం ఆ రోగులు తరచుగా వస్తుండడంతో, అక్కడి వైద్యులు కిణి, రావు 1937లోనే ఆ సంగతిని, దాని వెనుక ఉన్న అడ్డపొగను నమోదు చేశారు. ఆ తరువాత డి. జి. రెడ్డి, ఆయన సహచరులు 1957లో కోస్తా ఆంధ్రలోని అంగిలి క్యాన్సర్‌కు అడ్డచుట్టే కారణమని ప్రత్యేకంగా ఒక వ్యాసం రాసి, 1960 నాటికి పొగాకు తారునూ వేడినీ కలిపి ప్రయోగాలు కూడా చేశారు. క్యాన్సర్‌కు మూలం వేడా, తారా అన్నది వారి ముందున్న ప్రశ్న. అడ్డపొగలో ఆ రెండూ ఒకే చోట, ఒకే సమయంలో పనిచేస్తాయి కనుక రెంటినీ విడదీసి చూడడం కష్టం.

అయినా ఆసుపత్రికి వచ్చిన రోగులను చూసి చేసే నిర్ధారణకు ఒక పరిమితి ఉంటుంది, ఎందుకంటే ఊళ్లో ఆరోగ్యంగా తిరుగుతున్న అడ్డపొగ తాగేవారు ఎందరో, వారిలో జబ్బున పడినవారు ఎందరో ఆసుపత్రి లెక్కలు చెప్పవు. ఆ లోటును తీర్చింది ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌కు చెందిన ఫలీ మెహతా, కోపెన్‌హాగన్‌కు చెందిన యెన్స్ పిండ్‌బోర్గ్ నడిపిన బృందం. దేశంలోని 5 జిల్లాల్లో 50,915 మంది గ్రామీణుల నోళ్లను ఇంటింటికీ వెళ్లి పరీక్షించిన ఆ సర్వేలోని జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి; నేటి విజయనగరం జిల్లాలో కొంత భాగం అప్పట్లో దానిలోనే ఉండేది. శ్రీకాకుళంలో చూసిన 10,169 మంది వివరాలు 1971లో వెలువడ్డాయి. వారిలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవారే. వారి అంగిలిపై తెల్లగా మందమైన పొర, దాని మధ్య చిన్న లాలాజల గ్రంథుల రంధ్రాలున్న చోట ఎర్రని చుక్కలు, రంగు పోయిన మచ్చలు, అక్కడక్కడ పుండ్లు కనిపించాయి. వేలితో గీకినా పోని తెల్లమచ్చను వైద్యులు ల్యూకోప్లేకియా అంటారు. అది క్యాన్సర్ కాదు, కానీ కొందరిలో క్యాన్సర్‌గా మారగల దశ.

ప్రమాద కారకం అన్న మాటకు అర్థం ఇక్కడ తేటపడుతుంది. అడ్డపొగ తాగిన ప్రతి ఒక్కరికీ క్యాన్సర్ రాలేదు, తాగనివారికి అసలే రాదనీ కాదు. అయితే తాగేవారి గుంపులో అది తాగనివారి గుంపులో కంటే స్పష్టంగా ఎక్కువగా కనిపించింది. బ్రిటన్ పరిశోధకులు రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ 1950లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను సిగరెట్టుతో ముడిపెట్టింది కూడా ఇలా గుంపులను పోల్చే పద్ధతితోనే. అందువల్ల, చుట్ట కాలుస్తూనే ఎనభై ఏళ్లు ఏ జబ్బూ లేకుండా బతికిన ముసలమ్మను చూపించి ముప్పే లేదనడం సరికాదు.

ముప్పు ఉందని తేలాక, అలవాటు మానితే అది నిజంగా తగ్గుతుందా అన్న ప్రశ్న మిగిలింది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో సుమారు 36,000 మంది పొగాకు వాడకందార్లను ఎంచుకుని, ముఖాముఖి మాటల ద్వారానూ ప్రచార సాధనాల ద్వారానూ మానమని చెబుతూ, ఏళ్ల తరబడి వారి నోళ్లను పరీక్షించిన అధ్యయనం తొలి ఫలితాలు 1986లో వచ్చాయి. మానినవారిలోనూ బాగా తగ్గించినవారిలోనూ కొత్త తెల్లమచ్చలు తక్కువగా పుట్టాయి. ఇది చాలా విలువైన ఫలితం: పల్లెటూరి మనిషి ఏళ్లనాటి అలవాటును వదలగలడని, వదిలితే నోరు ఆ మేలును చూపిస్తుందని అది నిలబెట్టింది. బ్రిటన్ వైద్యులను 50 ఏళ్లు గమనించిన డాల్ బృందం 2004లో, 30 ఏళ్లకు సిగరెట్టు మానినవారికి దాదాపు 10 ఏళ్ల ఆయుష్షు, 60 ఏళ్లకు మానినవారికి సైతం దాదాపు 3 ఏళ్లు కలిసివస్తాయని చూపింది. ఈ వయసులో మాని ఏం లాభం అనే మాటకు ఇంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు.

పొగాకు తరువాత తెలుసుకోవలసిన కారకాలు మరికొన్ని ఉన్నాయి. మద్యం పొగాకుతో కలిస్తే నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఒక్కో దాని వల్ల కలిగే దానికంటే ఎన్నో రెట్లు పెరుగుతుంది. తాంబూలంలోని వక్క పొగాకు లేకుండానే క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. వైరస్‌ల సంగతి వేరు, ఎందుకంటే వాటిలో కొన్నింటిని టీకాతో ఆపవచ్చు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కణజాలంలో హెచ్‌పీవీ వైరస్‌ను 1983లో గుర్తించిన హరాల్డ్ జుర్ హౌజెన్‌కు 2008లో నోబెల్ బహుమతి దక్కింది. కాలేయ క్యాన్సర్‌కు దారితీసే హెపటైటిస్ బి కి టీకా హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో విడుదల చేయడంతో దేశంలో సామాన్యులకు అందుబాటు ధరకు వచ్చింది.

ఇప్పుడు 30 ఏళ్లు దాటినవారికి ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించే కార్యక్రమం ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో ఆ పరీక్షకు వచ్చే పెద్దావిడను బుగ్గలూ నాలుకా చూసి పంపేస్తే సరిపోదు. కట్టుడు పళ్లుంటే తీయించి, తల వెనక్కి వాల్చించి, టార్చిలైటు వెలుగు అంగిలి మీద పడేలా చూడాలి. ఎర్రని చుక్కలున్న తెల్లని పొరో, రంగు పోయిన మచ్చో, మానని పుండో కనబడితే, చుట్టను ఏ కొస నోట్లో పెట్టుకుని కాలుస్తారని అడగాలి.