కచేరి దుస్తులు: తలపాగా నుండి శిరస్త్రాణము వరకు

ఉద్యోగి తన కచేరికి ఏ దుస్తులలో పోవలెనన్నది అతని ఇష్టమా, జీతమిచ్చువారి ఇష్టమా యను వివాదము భిలాయి వంటి పారిశ్రామిక నగరములలో పుట్టినది కాదు. తెలుగువాడు కుంఫిణీ కొలువులో కలము పట్టిన నాటినుండియు అది అతని వెంటనే నడచుచున్నది.

1816లో థామస్ హిక్కీ యను చిత్రకారుడు కల్నల్ కాలిన్ మెకంజీ చిత్రమును మద్రాసులో రచించెను. అందు దొర ఎఱ్ఱని సైనిక దుస్తులలో నిలిచియుండగా, ఆయన దేశీయ సహాయకులు ముగ్గురును తమ తమ వాడుక దుస్తులలోనే కనబడుదురు. వారిలో ఒకరు ఏలూరి కావలి సోదరులలోని వెంకట లక్ష్మయ్య యని పరిశోధకుల అభిప్రాయము. శాసనములకు ప్రతులు వ్రాయుటకును, కైఫీయతులు సేకరించుటకును కోటుతో పని లేదు. ఎవరి వేషము వారిది. పని మాత్రము ఉమ్మడిది.

ఆ స్థితి ఎంతో కాలము నిలువలేదు. 1830లో కుంఫిణీవారు తమ ఐరోపా ఉద్యోగులు దేశీయ దుస్తులతో అధికారసభలకు రారాదని నిషేధించిరి. దేశీయుల విషయమున చిక్కు పాదరక్షల యొద్ద వచ్చినది. పెద్దల యెదుట జోళ్లు విడుచుట మనకు మర్యాద, తలపాగా తీయుట అమర్యాద. ఆంగ్లేయుల ఆచారము సరిగా దీనికి తలక్రిందులు. 1854లో డల్హౌసీ ప్రభుత్వము, ఐరోపా పద్ధతి బూట్లును మేజోళ్లును ధరించు దేశీయులు వాటితోడనే ప్రభుత్వ సభలకు రావచ్చునని వంగదేశమున అనుమతించెను. నాటు చెప్పులు గుమ్మము వెలుపలనే నిలిచిపోయెను. తోలు రెంటికిని ఒక్కటే. మర్యాద కుట్టులో నున్నదన్నమాట!

ఈ రెండు మర్యాదల నడుమ నలిగిన గుమాస్తాయే పందొమ్మిదవ శతాబ్దిలో ఒక కొత్త వేషమును కల్పించుకొనెను. గోచి పెట్టి కట్టిన పంచె, దానిపై మెడవరకు బొత్తాములు గల కోటు, కోటుపై జరీ ఉత్తరీయము, తలపై పాగా. ఇది ఏ శాసనమున లేదు, ఏ శాస్త్రమునను లేదు. తల ఇంటిది, మొండెము కచేరిది, నడుము క్రింది భాగము మరల ఇంటిది. చూచి నవ్వినవారును కలరు. కాని వ్యక్తి అభిరుచికి తావు దొరకినదంతయు ఆ పాగా చుట్టులోను, ఆ ఉత్తరీయపు అంచులోనే. కోటు అందరిదియు ఒకే తీరు. పాగా ఎవరిది వారిది. దినదినము చుట్టుకొను ఓపిక లేనివారు ఒకసారి చుట్టి గట్టిపరచిన పాగాను చిలుకకొయ్యకు తగిలించి, పదిగంటల వేళకు టోపీవలె పెట్టుకొని పోవుచుండిరి.

నైజాము రాజ్యమున సంగతి మరియొకటి. అచ్చట షేర్వాణీయు రూమీ టోపీయు కొలువు మర్యాదలు. నిజాము దర్బారునకైనచో దస్తారును, నడుమునకు బగ్లూసును తప్పవు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా హైదరాబాదు సచివాలయమున షేర్వాణీయు, పంచెయు, పంట్లామును ఒకే వరండాలో ఎదురుపడెను.

తెలుగు కుటుంబములలో జన్మించిన ఇద్దరు ప్రముఖులు ఈ సమస్యకు రెండు వేర్వేరు సమాధానములు చెప్పిరి. 1908 మూసీ వరదల పిమ్మట హైదరాబాదునకు రక్షణోపాయము చూపిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, తరువాత భద్రావతి ఇనుప కర్మాగారమును నడపిరి. ఆయన సూటు ఆంగ్లేయులనే సిగ్గుపరచునంత చక్కనిది; తలపై మాత్రము మైసూరు జరీపాగా. సర్వేపల్లి రాధాకృష్ణన్ తెల్లని తలపాగాను, పొడవైన కోటును ఆక్స్‌ఫర్డులో విడువలేదు, 1949 మొదలు 1952 వరకు రాయబారిగా నున్న మాస్కోలోను విడువలేదు. ఒకరు మొండెమును ఒప్పగించి తలను నిలుపుకొనిరి. రెండవవారు రెంటిని నిలుపుకొనిరి. ఇరువురి పనికిని దుస్తుల వలన లోటు వచ్చినదని చెప్పగలవారు లేరు.

భిలాయి కథ వేరు. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ ప్రభుత్వముతో ఒడంబడిక కుదిరెను. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. 1931లో పూర్తియైన రాయపూరు–విజయనగరము రైలుమార్గము ఉత్తరాంధ్రవాసులకు ఈ దారి సుగమము చేసినది. పొలముగట్టున పంచెయు తలగుడ్డయు తప్ప ఎరుగనివారు ఇచ్చట మరియొక శాసనమునకు లోబడవలసివచ్చెను. కదలుచున్న యంత్రమును పరీక్షించుటకో, నూనె వేయుటకో పోవువాడు ఒంటికి అంటియుండు దుస్తులే ధరించవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 22వ సెక్షను విధించెను. కారణమడిగినచో యంత్రమే చెప్పును. కండువా అంచు తిరుగు ఇరుసునకు చుట్టుకొన్నచో మనిషిని లాగుకొనుటకు రెప్పపాటు చాలును. కరగిన ఇనుపధార ఎదుట శిరస్త్రాణము అధికారికిని కూలికిని ఒక్కటే. డల్హౌసీ బూట్ల మర్యాదకును దీనికిని గల భేదము ఇదియే: ఇచ్చట దుస్తు ఎవరి ఆధిక్యమునకును గుర్తు కాదు, ప్రాణమునకు కాపు.

అయితే ఫర్నేసునకు దూరముగా, దస్త్రముల మధ్య, ఫంకా క్రింద కూర్చుండు గుమాస్తా సైతము పంచెను విడిచెను. అతనిని ఏ యంత్రమును అడుగలేదు, ఏ సెక్షనును నిర్బంధింపలేదు. వేసవిలో వేడిమి 40 డిగ్రీలు దాటు దుర్గు మండలమున కంఠమునకు టై బిగించుకొనుట వృత్తిధర్మమని చెప్పుట కష్టము. అది ప్రక్క బల్లవానిని చూచి నేర్చినది. 1964లో కేంద్రమున ఉక్కు, గనుల శాఖను స్వీకరించిన నీలం సంజీవరెడ్డి ఖద్దరు పంచె ధరించువారు. ఉక్కుశాఖకు పంచె అధిపతి; ఉక్కు కర్మాగారమున యంత్రము చెంత పంచెకు ప్రవేశము లేదు. రెండును సబబే. నడుమనున్న గుమాస్తా పంట్లామునకే సబబు వెదకవలసియున్నది. 1970 దశకమున సఫారీ సూటు వచ్చి టైని కొంత సాగనంపినది, పంచెను మరల తేలేదు.

స్త్రీలు మాత్రము ఇంత త్వరపడలేదు. స్వాతంత్ర్యానంతరము కచేరీలలో చేరిన ఉద్యోగినులు మంగళగిరి, వెంకటగిరి నేతచీరలతోనే దస్త్రములు నడపిరి. కొంగును పిన్నీసుతో భుజమునకు బిగించుటతో వారి కచేరి వేషము సిద్ధమయ్యెను. తరువాతి తరమువారు సల్వారు కమీజులకు మారినప్పుడు, చీరయే గౌరవమని సణిగినవారిలో పలువురు పంట్లాములు ధరించిన పురుషులే యగుట గమనింపదగినది.

ఇప్పుడు పంచె పండుగనాటి దుస్తు. ఉగాది సభలకు వచ్చు యువకులకు కుచ్చిళ్లు పెట్టుట రాకున్నను చింత లేదు. కుట్టి, నడుమునకు అతికించుకొను పట్టీతో సిద్ధము చేసిన పంచెలు అంగళ్లలో దొరకుచున్నవి. ముత్తాత చిలుకకొయ్య నుండి పాగాను తీసి పెట్టుకొన్నట్లే, మునిమనుమడు పెట్టె తెరచి పంచెను తగిలించుకొని వచ్చుచున్నాడు.