సందేహం అడిగితే విశ్వాసం తక్కువైనట్టా?



పోయిన ఆదివారం ఆరాధన అయినాక కన్ఫర్మేషన్ క్లాసులో ఒక పాప లేచి నిలబడి అడిగింది: "అయ్యగారూ, తోమా అడిగింది తప్పెట్ల అయితది? మిగిలినోళ్ళందరూ చూసిన్రు గదా. ఆయనొక్కడే చూడలే." వెనక చాప మీద కూర్చున్న ఒక పెద్దమ్మ వెంటనే, "ఊకో బిడ్డా, దేవుని మాటల అట్ల అడగొద్దు" అన్నది. నేను నోరు తెరిచేలోపే ఆ పాప కూర్చున్నది.

ఇంటికి వచ్చి యోహాను సువార్త 20వ అధ్యాయం మళ్ళీ చదివాను. పాప చెప్పింది నిజమే. ప్రభువు మొదటిసారి వచ్చినప్పుడే మిగతా శిష్యులకు తన చేతులను, ప్రక్కను చూపించాడు. తోమా అడిగింది వాళ్ళకు అప్పటికే దొరికినదాన్నే. లూకా సువార్త చూస్తే ఇంకా ఉంది. స్త్రీలు సమాధి దగ్గరనుంచి వచ్చి చెప్పినప్పుడు ఆ శిష్యులే నమ్మలేదు, వట్టి మాటలనుకున్నారు. అయినా అనుమానపు తోమా అనే పేరు ఒక్కడికే పెట్టాము. ఇరవై ఏళ్ళుగా ఈ వాక్యం మీద ప్రసంగిస్తున్నాను. ఈ సంగతి నాకు తట్టలేదు.

"ఊకో" అన్న ఆ మాట మన సంఘాల్లోకి ఎట్లా వచ్చిందా అని ఈ వారమంతా ఆలోచించాను. ఎందుకంటే మన పెర్కిట్, ఆర్మూరు వాళ్ళకు బయట ఆ అలవాటు లేదు. పసుపు కొనేవాడు బస్తా మీద పేరు చూసి ధర కట్టడు. కొమ్ము తీసి విరుస్తాడు, లోపలి రంగు చూస్తాడు, ఎండిందా లేదా చూస్తాడు. విరిచినందుకు రైతు కోపం చేసుకోడు. విరవకుండా ధర చెప్తేనే అనుమానపడతాడు. 2019 పార్లమెంటు ఎన్నికల్లో మన జిల్లా రైతులు 170 మందికి పైగా నామినేషన్లు వేసి నిలబడ్డారు, మా పంటకు ధర ఏదని అడగడానికే. అడగడం తెలిసిన ఊరు మనది. చర్చి గుమ్మం దాటగానే మాత్రం నోరు మూతపడుతుంది.

చరిత్ర చూస్తే ఇది విచిత్రంగానే ఉంటుంది. తెలుగులో అచ్చయిన తొలి పుస్తకాలు ప్రశ్నలతోనే మొదలయ్యాయి. బెంజమిన్ షుల్జ్ అనే జర్మను మిషనరీ మద్రాసులో ఉండి తెలుగు నేర్చుకున్నాడు, బైబిలును తెలుగులోకి తెచ్చే పని పెట్టుకున్నాడు. 1743లో తన దేశానికి తిరిగి వెళ్ళాక, 1746లో హాలె పట్టణంలో తెలుగు అక్షరాలు పోతపోయించి లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తరిని అచ్చు వేయించాడు. ఆ మూల గ్రంథాన్ని లూథరు 1529లో రాశాడు. అంతకు ముందు సాక్సనీ పల్లెలు తిరిగి చూస్తే జనానికి పది ఆజ్ఞలు కూడా తెలియవు, కొందరు పాదిరీలకు కూడా సరిగా తెలియవు. అందుకని ఇంట్లో తండ్రి పిల్లలను కూర్చోబెట్టుకుని ఒక్కొక్క మాట చెప్పి, దాని అర్థమేమిటని అడిగేటట్టు రాశాడు.

మంచి పద్ధతే. కానీ ఒక లోపం ఉంది, నేను కూడా అందులోనే పెరిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నాను. ప్రశ్నోత్తరిలో ప్రశ్న కూడా నేర్పేవాడిదే, జవాబు కూడా నేర్పేవాడిదే. పిల్లవాడు జవాబు కంఠస్థం చేస్తాడు. వాడి సొంత ప్రశ్నకు ఆ పుస్తకంలో చోటు లేదు. పల్లెల్లో చదువు రానివాళ్ళకు అదే దిక్కయింది, ఆ కంఠస్థమే వాళ్ళను నిలబెట్టింది కూడా. దాన్ని నేను తీసిపారేయను. మా నాయనమ్మకు అక్షరం రాదు, ప్రశ్నోత్తరి మాత్రం మొదటినుంచి చివరిదాకా నోటికి వచ్చు. ఆమె మనసులో ఏ ప్రశ్న ఉండేదో మేమెవరం అడగలేదు.

ఇంకొకటి గమనించండి. తెలుగు సంఘ చరిత్రలో సందేహించే హక్కు చాలాకాలం ఒక పక్కనే ఉన్నది. నమ్మడానికి వచ్చినవాణ్ణి మిషనరీ సందేహించవచ్చు. వచ్చినవాడు సందేహించకూడదు. ఒంగోలులో జరిగింది మీలో చాలామందికి తెలుసు. 1876 నుంచి 1878 దాకా పెద్ద కరువు. అక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వే కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న జనానికి కూలి ఇప్పించారు. ఆ కాలంలో ఏడాదికి పైగా ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమో అని అనుమానం. కరువు పని ఆగాక కూడా జనం వచ్చారు. మాకు కూలి వద్దు, సాయం వద్దు, బాప్తిస్మమే కావాలన్నది వాళ్ళు చెప్పినదాని సారం. చివరికి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. నీళ్ళలో నిలబడి ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని.

ఈ కథ ప్రసంగాల్లో ఎన్నోసార్లు విన్నాం. దీని వెనక ఉన్న ఇంకో కథ తక్కువమంది చెప్తారు. ఈ క్లౌ దొరగారు కుర్రతనంలో నమ్మినవాడు కాడు. సర్వేయరు పని చేసి, లాయరు కావాలని చదువుకు అయోవా రాష్ట్రంలోని బర్లింగ్టన్‌కు వెళ్ళాడు. గదిలో తోడున్నవాడు రోజూ రాత్రి బైబిలు చదివి ప్రార్థన చేసుకునేవాడు. క్లౌకు అది చికాకు. సుద్దముక్కతో గది మధ్యలో నేలమీద గీత గీసి, నీ భక్తి ఆ పక్కనే ఉంచుకో, ఇటు రానీయకు అన్నాడు. చివరికి ఆ గీత దాటింది ఆయనే. ఆయన 1910లో చనిపోయారు. తర్వాత ఆయన భార్య ఎమ్మా సిద్ధంచేసి వెలువరించిన ఆత్మకథలో ఈ సంగతులు దాచకుండా ఉన్నాయి.

నాకు నచ్చేది ఆ గదిలోని రెండో కుర్రవాడు. గీత గీసినందుకు వాడు పోట్లాడలేదు, గది మారలేదు. తన పక్కన తాను చదువుకుంటూ ఉన్నాడు. ఆరోజు వాడు క్లౌను వెళ్ళగొట్టి ఉంటే ఒంగోలు చరిత్ర ఎట్లా ఉండేదో నాకు తెలియదు.

ఒంగోలు వైపు మొదట నమ్మినవారిలో ఒకరైన యెర్రగుంట్ల పేరయ్య గారు కూడా అడిగి అడిగి వచ్చినవారే. మాదిగ కుటుంబంలో పుట్టి, రాజయోగం నేర్చుకుని, అందులో వెతికి, తృప్తి దొరక్క సువార్త దగ్గరికి వచ్చారు. ఆయనకు ప్రశ్నలు లేకపోతే వెతికేవారే కాదు.

మన దగ్గరికి వద్దాం. డిచ్‌పల్లి ఆసుపత్రి మన జిల్లాలోదే. 1915లో డాక్టర్ ఇసబెల్ కెర్ అమ్మగారు, ఆమె భర్త జార్జి కెర్ పాదిరిగారు కుష్ఠు రోగుల కోసం దాన్ని మొదలుపెట్టారు. నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ గారు, హిందువు, దానికి పెద్ద విరాళం ఇచ్చారు. ఆ రోజుల్లో ఆ రోగమంటే పాపఫలమనే మాట అందరి నోటా ఉండేది, మన క్రైస్తవుల నోటా ఉండేది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ప్రభువును అడిగిందీ అదే గదా, పాపం చేసింది వీడా వీడి తల్లిదండ్రులా అని. ప్రభువు రెండూ కాదన్నాడు. అందరూ నమ్మే మాటను నమ్మకుండా, చాల్‌మూగ్రా నూనె ఇంజెక్షన్లతో వైద్యం చేసిన అమ్మగారిని అవిశ్వాసి అంటామా?

ఇక జాషువ గారి సంగతి. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది, ఎందుకంటే ఇది మన ఇంటి సంగతి. గుర్రం జాషువ గారు 1895లో వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. మిషను బడిలో నెలకు మూడు రూపాయల జీతానికి పంతులుగా చేశారు, తర్వాత గుంటూరులో లూథరన్ వారి ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు చేశారు. సంస్కృతం చదివి, పురాణ కథల మీద పద్యాలు రాస్తుంటే అటు అగ్రవర్ణ పండితులు నీకెందుకన్నారు, ఇటు మనవాళ్ళు నీకెందుకన్నారు. క్రైస్తవుడేనా అని అనుమానించారు. 1941లో గబ్బిలం రాశారు. గుడిలోకి రానివ్వని మనిషి, గుడిలోకి పోగల గబ్బిలంతో శివునికి తన కష్టం చెప్పి పంపుతాడు. ప్రశ్న గుడి గురించి వేసినట్టుంటుంది. గుండె మీద చెయ్యి వేసుకుని చూస్తే, కులం పేరుతో సమాధుల తోట దగ్గర కూడా తగాదా పడిన సంఘాలు ఆ ప్రశ్న తమకు కాదనుకోవడం కుదరదు.

1960లో ఆయన కూతురు హేమలత గారికి, నాస్తికోద్యమ నాయకుడు గోరా గారి కొడుకు లవణం గారికి సేవాగ్రాంలో పెళ్ళయింది. నాస్తికుల ఇంటితో వియ్యం! మన సంఘాల్లో ఎంత గుసగుస నడిచి ఉంటుందో ఊహించగలను. 1964లో జాషువ గారికి కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. ఏ పుస్తకానికో తెలుసా? క్రీస్తు చరిత్రకు. క్రైస్తవుడేనా అని మనం అనుమానించిన మనిషి యేసు జీవితాన్ని పద్యంలో దేశమంతటి ముందు నిలబెట్టాడు.

ఇదంతా చదివి మీలో కొందరు, అయ్యగారు అన్నీ అనుమానించమంటున్నారా అంటారు. లేదు. అడిగేవాళ్ళందరూ ఒకే మనసుతో అడగరని నాకూ తెలుసు. ఎగతాళికి అడిగేవాళ్ళుంటారు, ఫోన్లో వీడియో చూసి వచ్చి పాస్టరును ఇరికించాలని అడిగేవాళ్ళుంటారు. కానీ బెరయవారు పౌలు చెప్పినదాన్నే లేఖనాలు తీసి రోజూ సరిచూసుకుంటే, అపొస్తలుల కార్యములలో వాళ్ళను ఘనులని మెచ్చుకున్నారు. పౌలునే సరిచూస్తే తప్పు లేనప్పుడు, పెర్కిట్ పాస్టరును సరిచూస్తే తప్పా?

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం, ఇక్కడికి రాకముందు నేనున్న సంఘంలో పద్నాలుగేళ్ళ పిల్లవాడు సండే స్కూలులో నన్ను అడిగాడు: "అయ్యగారూ, ప్రార్థన చేస్తే తగ్గుతదని మీరే అన్నరు. మా నాయన చచ్చిపోయిండు. మీరు తప్పు చెప్పిన్రా, దేవుడు వినలేదా?" వాళ్ళ నాన్న కోసం మేమంతా ఉపవాసం ఉండి ప్రార్థించాం. తప్పక స్వస్థత వస్తుందని పలికింది నేనే. ఇరవైమంది పిల్లల ముందు నాకు జవాబు లేక, "నీకు విశ్వాసం తక్కువుంది, అందుకే ఇట్లాంటి ప్రశ్నలు వస్తాయి, ఊకో" అన్నాను. యోబు స్నేహితులు యోబుతో అన్నది కూడా దాదాపు ఇదే. దేవుడు చివర్లో కోప్పడింది ఆ స్నేహితుల మీద. తానెందుకు పుట్టానని అడిగిన యోబునే తన గురించి సరిగా మాట్లాడినవాడన్నాడు.

ఆ పిల్లవాడు మళ్ళీ చర్చికి రాలేదు. ఇప్పుడు దుబాయిలో పని చేస్తున్నాడు. వాళ్ళమ్మ ఇప్పటికీ ఫోన్ చేసి వాడి కోసం ప్రార్థన చేయమంటుంది, ఎందుకు రావడం మానేశాడో ఆమెకు తెలియదు. ఈ బుధవారం ఆమెకు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వానికే చెప్పుండ్రి అయ్యగారూ" అని నంబరు ఇచ్చింది. నిన్న రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టాను. తప్పు చెప్పింది నేనేనని, అతని ప్రశ్నకు ఈరోజుకూ నా దగ్గర పూర్తి జవాబు లేదని చెప్పాను. విన్నట్టు చూపిస్తోంది. జవాబు ఇంకా రాలేదు.

వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత పన్నెండు గంటలకు కన్ఫర్మేషన్ క్లాసు ఉంటుంది. ఈసారి పెద్దలు కూడా రావచ్చు. బల్ల మీద ఖాళీ బిస్కెట్ డబ్బా పెడతాను. మీ ప్రశ్న చీటీ మీద రాసి అందులో వేయండి, పేరు రాయనక్కర్లేదు. రాయడం రానివాళ్ళు పిల్లలతో రాయించుకోండి. తోమా గురించి అడిగిన పాపే చీటీలు తీసి చదువుతుంది. "ఊకో" అన్న పెద్దమ్మను నేను స్వయంగా వెళ్ళి పిలిచి వచ్చాను, వస్తానన్నది.